నలభై దగ్గర ముల్లు

ఒరెస్ట్ ఫార్గో లారీలో ఆయిల్ ముల్లు
ఇంజన్ ఆపినా నలభై దగ్గరే.
"గుండ్రాయిలా ఉంది" అంటాడు,
అద్దాన్ని గోటితో తట్టి.

మానిటోబాలో మంచు బురదయ్యే వారం.
డార్కా పళ్ళతో టార్చి కరిచి
డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరింది.
పుల్లంత రాగి గొట్టం.
మర విప్పగానే ముల్లు సున్నాకి జారింది,
చుక్క మాత్రం రాలలేదు.
లోపల నల్లటి జీడి,
ఒరెస్ట్ తండ్రి గోధుమలు తోలిన నాటిది.

కిరసనాయిలు పోసి, గిటారు తీగతో పొడిచి,
నోటితో ఊది ఊది, బిగించింది.
"ఇప్పుడు స్టార్ట్ చెయ్యి."

ముల్లు లేచింది.
ఎనిమిది. పదకొండు.
అక్కడే ఆయాసపడుతూ నిలబడింది.

ఒరెస్ట్ చాలాసేపు ఇంజన్ చప్పుడే విన్నాడు.
తర్వాత, మెల్లగా:
"మళ్ళీ పూడ్చెయ్యొచ్చా దాన్ని?"

ఆమె అప్పటికే చెయ్యి చాపి
తాళం తీసి జేబులో వేసుకుంది.