రెప్పతో చూడు

రొయ్యల షెడ్డులో పదహారేళ్లు
మంచులో ముంచి తీసిన వేళ్లు నావి.
అన్నం కాలుతోందో చల్లారిందో
నాలిక చెప్పాలి తప్ప వీటికి తెలీదు.

వేటకి సెలవు. హార్బర్లో బోట్లు
భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డాయి.
ఇంకో మూడు వారాల్లో కదుల్తాయనగా
పొదుగుకి కూర్చున్న మొదటి రాత్రే
మా నల్లపెట్టని కుక్కలు పీక్కుపోయాయి.
గంపలో పన్నెండు గుడ్లు.
ఇంకా వెచ్చగానే ఉన్నాయంది కాసులమ్మ.
నేను నమ్మాను.

మా అక్క కొడుకు ఎల్లాజీ, ఐటీఐ గుంటడు,
చేపల్ని ఎగుమతి చేసే తెర్మాకోల్ పెట్టె తెచ్చి
మూతకి కన్నం కోసి అద్దం అతికించాడు.
"చలిని దాచిన గోడ వేడినీ దాస్తాది పిన్నీ."
నాలుగుసార్లు కడిగినా
వంజరం వాసన పోలేదు.

బల్బు కోసం పూర్ణా మార్కెట్టంతా తిరిగాం.
అన్నీ తెల్లవే, వెలుగే గాని వేడి లేనివి.
ఒక ముసలాయన అటక మీంచి
దుమ్ము పట్టిన అరవై వాట్ల బల్బు దించి
"దీన్నెవరు కొంటారమ్మా ఇప్పుడు" అంటూనే
రెట్టింపు తీసుకున్నాడు.

ముప్పై ఏడున్నర. ఆ అంకె దగ్గర
టక్ మని ఆరుతుంది,
కాసేపటికి టక్ మని వెలుగుతుంది.
ఆ రెండు చప్పుళ్ల మధ్యే నా నిద్ర.
రోజుకి మూడుసార్లు తిప్పాలి,
ఓసారి పెన్సిలు సున్నా పైకి, ఓసారి గీత పైకి.
"ఏటే, గుడ్లకి టీవీ కొన్నావా?" అని
వీధి వీధంతా అద్దంలోకి తొంగిచూసి
ఏమీ జరక్కపోతే లేచిపోయింది.

ఏడో రాత్రి సెల్లు లైటు మీద పెట్టి చూశాం.
రెండిట్లో ఉత్త వెలుగు.
ఒకదాంట్లో ఎర్రటి ఉంగరం, అక్కడే ఆగిపోయింది.
మిగతా తొమ్మిదింట్లో సాలెగూడు లాంటి నరాలు,
మధ్య ఒక చుక్క ఉలిక్కిపడింది.
ఎల్లాజీ అంతసేపు మాటాడకుండా ఉండడం
అదే చూడ్డం నేను.

పద్నాలుగో రాత్రి గాలీవానా.
టక్ మన్న చప్పుడు రాలేదు,
అందుకే మెలకువొచ్చింది.
గాజువాక నించి జాలరిపేట దాకా చీకటి.
డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌసొక్కటే తిరుగుతోంది,
అదీ వెలుగే, వేడి లేనిదే.
సీసాల్లో వేన్నీళ్లు పోసి పెట్టెలో నిలబెట్టాను.
ఎంత వేడి? నా వేళ్లనడిగి లాభం లేదు.
అప్పుడు అమ్మ గుర్తొచ్చింది,
గంపలోంచి గుడ్డు తీసి
మూసిన కంటికి ఆనించుకుని ఊరుకునేది.
రెప్పని ఎవరూ మంచులో ముంచలేదు.
రెప్పకి తెలుసు.
తెల్లారేదాకా తొమ్మిదీ
ఒకటి తర్వాత ఒకటి కంటికి తాకించుకుంటూ,
చల్లబడ్డవాటిని రవికలో దోపుకుంటూ.
ఒకటి కదిలింది.
నా కనుగుడ్డేమో అనుకున్నాను.

ఇరవయ్యో రోజు అర్ధరాత్రి
పెంకులోంచి కీచుమంది. ఇంకా పుట్టందే మాట.
తర్వాత సన్నటి పగులు, ముక్కు కొస.
"సాయం చెయ్యకు, నెత్తురు కారతాది" అన్నాడు ఎల్లాజీ.
పదహారేళ్లు ఒలవడమే నా పని,
తల తుంచి, పెంకు తీసి, నరం లాగి, కిలోకింత.
ఆ చేతుల్ని కొంగుతో కట్టేసుకుని కూర్చున్నాను.
వాటంతట అవే ఒలుచుకున్నాయి ఎనిమిది.
తడిపీచులా పడి, రొప్పి, ఎండి,
పసుపూ నలుపూ.
ముద్దాడబోతే వంజరం వాసన.

తొమ్మిదోది చిట్లలేదు.
ఇవాళ్టికి ఇరవైమూడు.
మొదటి రొయ్య దిగింది, ఐదింటికల్లా రమ్మని
షెడ్డు నించి కబురు.
రెప్పకి ఆనించాను. వెచ్చగానే ఉంది.
ఆ వెచ్చన లోపలిదో, బల్బుదో
రెప్ప కూడా చెప్పలేదు.
స్విచ్చి ఆపలేదు.
కాసులమ్మ చేతిలో తాళం పెట్టి
కరెంటు పోతే చేత్తో చూడకు అన్నాను.