నాలుగో గడి

లాగ్ బుక్కులో ఎడమ నుంచి నాలుగో గడి.
పైన అచ్చయిన మాట: ఖర్చు.
పంతొమ్మిదేళ్లు ఆ గడిలో
నా చేయి ఒకే అంకె వేసింది.
మూడు లీటర్లు. ఒక్కోరోజు నాలుగు.

ఇరుసు ఓడ పొట్ట దాటి
నీళ్లలోకి వెళ్లే చోట
రబ్బరు పెదవులు రెండు.
లోపల చమురు, బయట నార్వే సముద్రం.
పెదవి దాటితే పృథివి దాటుతుంది.
పొద్దున్నే డబ్బా ఎత్తి
తగ్గినంత పోసేవాణ్ణి.
ఇంజను తాగిందనుకునేవాణ్ణి.
కిటికీ లేని గదిలో
అలా అనుకోవడం సులువు.

ఒక మే నెల ఉదయం
ఆఖరి దీవి రేవులో గున్‌వోర్ ఎక్కింది.
నిచ్చెన దిగి నేరుగా నా దగ్గరికే.
ప్రయాణికులు ఇక్కడికి రాకూడదని
నేను నోరు తెరిచేలోపే
పానాల బల్ల మీద
పాత పేపరు పొట్లం విప్పింది.

ఐడర్ బాతు. ఆడది.
రొమ్ము మీద కోటు గుండీ అంత మరక.

"ఇంత చాలు," అంది.
"తడవని ఈకల్లో తలుపు తీసినట్టే.
చలి నడిచి లోపలికొస్తుంది."

వాళ్లింట్లో మే నెలలో
ఆరుబయట బట్టలు ఆరేయరు.
దుప్పటి గాలికి టపటపమంటే
పక్షి బెదురుతుందని.
కొట్టుకొచ్చిన చెక్కలతో గూళ్లు కడతారు,
ఎండు నాచు పరుస్తారు,
పిల్లలు గుసగుసల్లోనే పోట్లాడుకుంటారు.
పక్షి తన రొమ్ము నూగు తానే పీకి
గుడ్లకు కప్పుతుంది.
పిల్లలతో అది నీళ్లలోకి వెళ్లిపోయాక
ఆ నూగు వీళ్లది.
"అద్దె," అంటుంది గున్‌వోర్.

"ఇది నా చమురేనని రుజువేమిటి?" అన్నాను.
"చేపల పడవలు లేవా?"
"రుజువు లేదు," అంది.
"నీది ఎక్కడికి పోతోందో చెప్పు, చాలు."

ఆ రాత్రి గుణించాను.
లెక్కలో నాకు తప్పు రాదు.
ఇరవై వేల చిల్లర లీటర్లు.
ఒక్కసారి ఒలికి ఉంటే
హెలికాప్టర్లు వచ్చేవి.
చుక్క చుక్కగా పోశాను కాబట్టి
జీతం వచ్చింది.

ఆకులు రాలే కాలంలో
పడవని డాక్‌లోకి ఎక్కించాం.
కొత్త కందెన వచ్చింది,
ఆవాలకి దగ్గరి చుట్టమైన గింజది.
ధర నాలుగింతలు.
ఆఫీసు నుంచి స్టైనార్ ఫోన్ చేసి
"చేపల్ని నీళ్లలోనే వేపుతావా?" అని నవ్వాడు.
పాత రబ్బరుకి అది పడలేదు, ఉబ్బింది.
పెదవులు మార్చాం.
నీళ్లు కలిస్తే పులుస్తుంది,
అందుకని నెలనెలా సీసాలో పట్టి
వెలుతురుకి ఎత్తి చూడాలి.
పాత చమురు మొండిది, ఏదైనా ఓర్చుకునేది.
ఇది బాలింతరాలి లాంటిది.

అమృతమేం కాదు. ఇదీ కారుతుంది.
కారినదాన్ని నెల రోజుల్లో
కంటికి కనబడని పురుగులు
చాలావరకు తినేస్తాయని డబ్బా మీద ఉంది.
'చాలావరకు' దగ్గర ఆగాను.
మిగతాదాని గురించి డబ్బా ఏమీ అనలేదు.

మళ్లీ మే.
కిందటేడు పదకొండు గూళ్లు నిండాయి,
ఈసారి పదమూడు.
నేను నవ్వబోతుంటే
గున్‌వోర్ చేయి అడ్డం పెట్టింది.
"నీ నూనె వల్లని చెప్పను.
చలికాలంలో మింకులు తక్కువ తిరిగాయి."
ఆమె అబద్ధం ఆడదు,
సంతోషపెట్టడానికి కూడా.

నేను చేసిందల్లా ఒకటి.
నాలుగో గడి పైన 'ఖర్చు' కొట్టేసి
పెన్నుతో రాశాను: సముద్రానికి.

తనిఖీకి వచ్చిన కుర్రాడు
వేలు పెట్టి అడిగాడు,
"ఫారంలో ఈ మాట లేదు కదా?"

"లేదు," అన్నాను.
ఆ రోజుది ఇంకా వేయలేదు.
సముద్రానికి, అర లీటరు.
సిరా ఆరేదాకా
పుస్తకం మూయలేదు.