మీరు ఇక్కడ ఉన్నారు

సిరొంచల బోర్డులు రాసేటోణ్ని నేను.
కిరాణం దుకాణాలకు, పెండ్లి పందిర్లకు,
ఎన్నికలొస్తే అన్ని పార్టీలకు.
గోడ ఒక్కటే. సున్నం కొట్టి మళ్ల రాసుడే.

ఈసారి పెద్ద పని.
ప్రాణహిత ఒడ్డుకు పర్యాటక కేంద్రమట.
తాసీలు ఆఫీసుల బల్ల మీద నక్ష పరిచిండ్రు,
గాలికి లేవకుంట నాలుగు మూలల
నాలుగు చాయ్ గిలాసలు.
ఖోబ్రగడే సాహెబ్ వేలుతోని చూపెట్టిండు:
ఇది బండ్లు నిలిపే జాగ, ఇది టికెట్ల కిటికీ,
ఇది ఫొటో దిగే చోటు,
ఇగో ఇది రాయైన చెట్ల గది,
అడవిలకెల్లి తెచ్చి అద్దాల పెట్టెల పెడతం.

రాయైన చెట్లు.
మడావి లచ్చుబాయి దాని మీద కొడవలి నూరుతది.
"కొత్త కోడలప్పుడు కట్టె అనుకోని
పొయ్యిల పెట్టిన బిడ్డా,
పొద్దుమూకిందాక ఊదిన. అంటుకోలే.
మా అత్త మూడు దినాలు నవ్వింది."
ఆ ముచ్చట బోర్డు మీద లేదు.
బోర్డు మీద కోట్ల సంవత్సరాలున్నయి.
సున్నాలకు సుత పైసలిస్తరు,
నాకేం ఫిర్యాదు లేదు.

అక్షరానికి నాలుగు రూపాయలు.
మరాఠీల, హిందీల, ఇంగ్లీషుల.
తెలుగుకు పద్దు లేదన్నరు.
ఆ లేదన్న మాట కూడ
తెలుగులనే అన్నరు.

"మీరు ఇక్కడ ఉన్నారు" అని
నక్షల ఎర్ర చుక్క పెట్టాలె.
మొదలు కోట గోడ కాడన్నరు. పెట్టిన.
తర్వాత బస్టాండు వెనుకన్నరు. తుడిచి పెట్టిన.
ఆఖరికి రేవు కాడనే ఖాయమైంది.
కిరసనాయిలు గుడ్డకు ఎర్ర రంగు పూర్తిగ పోదు,
గులాబీ అయితది, అంతే.
దగ్గరికొచ్చి చూడుండ్రి, ఇప్పటికీ కనబడుతయి
మీరు ఉండవలసి, లేకుంట పోయిన
రెండు చోట్లు.

నది అవతల ఏం రాయాలె సార్ అన్న.
అది మన హద్దు కాదు, పచ్చ రంగు పుయ్యి అన్నడు.
అవతల మా చెల్లె ఉంటది.
రెండు పూతలు పూసిన.

బోర్డు నిలబెట్టిన నాడు
పడవ నడిపే బొల్లె ఓదెలు వచ్చిండు.
చదువు రాదు. ఎక్కడా ఆగకుంట
పై నుంచి కిందికి మొత్తం చూసిండు.
తర్వాత చెయ్యి ఎత్తి,
ఎర్ర చుక్కకు జానెడు పైన,
ఖాళీ గాలిల వేలు పెట్టిండు:
"మొన్నటేడు పడవ ఇక్కడ కట్టిన."

సాహెబుకు చెప్పిన.
నక్షల వరద గీత లేదన్నడు.
అది వేరే ఆఫీసు పనట.

ఎవ్వరు లేనప్పుడు
బోర్డు అడుగున, చెక్క అంచు మీద,
పద్దు లేని అక్షరాలతోని సన్నగ రాసిన:
నీళ్లు మూడో మెట్టు దాటితే
ఇక్కడ నిలబడకుండ్రి. గుట్ట దిక్కు నడువుండ్రి.

తెల్లారి సాహెబ్ వంగి చూసిండు.
ఇదేం రాసినవు?
"సుస్వాగతం, సార్."
మంచిగున్నదని ఫొటో తీసుకున్నడు.

ఆ రాత్రి నిద్ర పట్టలే.
మెట్ల సంగతి ఓదెలుకు తెలుసు, లచ్చుబాయికి తెలుసు,
తెలుగు చదివేటోళ్లందరికి తెలుసు.
తెలువనోడే గదా
నాగపూరు నుంచి పిల్లలను పట్టుకోని వచ్చేది,
ఫొటో దిగే చోట నది దిక్కు వీపు పెట్టి
నిలబడేది.

లాంతరు పట్టుకోని పోయిన.
ఆ రెండు ముక్కలే మరాఠీల రాసిన,
హిందీల రాసిన,
ఇంగ్లీషుల ఒక మాట తప్పు పోయిందేమో,
చీకట్ల తెలువలే.
బిల్లుల ఎక్కియ్యలే.

కింద, మూడో మెట్టు
అప్పటికే తడిగుండె.
మంచో, ఎవరన్న కాళ్లు కడుక్కున్నరో.