తిరుగు దారి

తాహినా, ముందు ఏదీ విప్పకు.
ముక్కు పెట్టి వాసన చూడు.
కాలిన రబ్బరు ఒకలా ఉంటుంది,
మగ్గిన తడి ఇంకోలా.
ఈ బండిలో రెండూ ఉన్నాయి. మూడోది పెట్రోలు,
సులుఫు కాళ్ల దగ్గర నీళ్ల సీసాలో ఉంది.
దానికి భయపడకు. కాస్త భయపడు కూడా.

పాలమీగడ రంగు రెనో ఫోర్.
నీకంటే పెద్దది, నాకంటే కూడా.
అంటననారివో మెట్టలన్నీ ఎక్కి,
దిగేటప్పుడు ఇంజను ఆపి, చుక్కచుక్క మిగిల్చి
ముగ్గురు ఆడపిల్లల్ని చదివించింది.
ఇప్పుడు వాన పడితే దీనికి పిచ్చి.
కుడి ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు కన్ను కొడుతుంది,
లైట్లు వేస్తే హారనుకి గొంతు పోతుంది.

సులుఫు బ్యాటరీ మార్చాడు, హారను మార్చాడు,
ఇసోట్రి సంతలో ఎవడో చెబితే డైనమో కూడా.
కొత్త సామాను మధ్య పాత జబ్బు
కాలు మీద కాలేసుకు కూర్చుంది.

బానెట్ ఎత్తు.
ఇది వైరింగ్ కాదు, పదిమంది రాసిన ఉత్తరం.
ఒక్కో ముడీ ఒక్కొక్కడి చేతిరాత.
ఇక్కడొకడు గాలపు దారం చుట్టాడు,
ఇక్కడొకడు సైకిలు ట్యూబు ముక్క.
ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టె రేకు.
వాడికో దణ్ణం పెట్టి, పీకి అవతల పారెయ్.

రంగులు నమ్మకు.
ఎరుపు, పసుపు, నలుపు,
నలభై వానాకాలాల తరవాత అన్నీ మట్టిరంగే.
లాగొద్దు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది,
ఈ డొంక కదిలితే రేపటికి కూడా ఇంటికి పోలేం.

టెస్ట్ లాంపు ముల్లు వైరులో గుచ్చు.
వెలిగిందా? కరెంటు ఇక్కడిదాకా వచ్చింది.
అందరూ ఇక్కడే ఆగిపోతారు.
వచ్చింది సరే, తిరిగి ఎలా పోతుందని అడగరు.
దానికీ ఒక ఇల్లుంది, బ్యాటరీ నల్ల తల దగ్గర.
తిన్నగా దారి ఇవ్వకపోతే
పక్కింటి దొడ్లోంచి, ఎదురింటి వంటింట్లోంచి
గోడ దూకి పోతుంది.
నువ్వు చూసిన కన్నుకొట్టుడు ఆ దూకుడే.

పొడుగాటి వైరొకటి తీసుకో.
ఒక కొస బ్యాటరీ మైనసుకి,
రెండోది లైటు డొప్పకి ఆనించు.
ఆనించావా?
అదిగో.
తడిగోడ మీద గుండ్రంగా, కదలకుండా,
గుడ్డు సొనలాంటి వెలుగు.

అంటే ఎర్తు పోయింది.
మడ్‌గార్డు లోపల ఏదో బోల్టు అబద్ధమాడుతోంది.
నా చెయ్యి సన్నం, నేను పెడతా.
పది నంబరు పానా ఇయ్యి.

వచ్చింది.
తల మీద ఎర్రటి చుక్క.
తుప్పు కాదు. గోళ్ల రంగు.

ఈ పేటలో అతుకుల మీద గోళ్ల రంగు పూసేది ఒక్కతే.
పదకొండేళ్ల కిందట ఒక శనివారం,
డాన్సుకి ఆలస్యమైపోతుంటే
పెయింటు గీకకుండా బోల్టు బిగించేశాను,
పైన ముద్దుగా చుక్క పెట్టాను.
ఇనుముకి ఇనుము తగలాలి.
మధ్యలో కాగితమంత పొర.
మర పళ్లు పట్టుకోగలిగినన్నాళ్లు పట్టుకున్నాయి.

గరుకు కాగితం తీసుకో. తళుక్కుమనేదాకా గీకు.
ఇంకా. ఇంకా గీకు.
గ్రీజు రాయి. ఇప్పుడు బిగించు.

సులుఫు టోపీ పిండుకుంటూ వచ్చాడు.
హారను కొట్టాడు, లైట్లు వేశాడు,
ఇండికేటరు టిక్కుటిక్కుమంది.
ఎవరి పని వాళ్లు చేసుకున్నారు.
"ఏమిటి రోగం?"
"బోల్టు."
"ఒక్క బోల్టా!"
బ్యాటరీ, హారను, డైనమో వేళ్ల మీద లెక్కేశాడు.
"ఏ వెధవ బిగించాడు?"

నువ్వు నా గోళ్ల వైపు చూశావు.

పానాకి లేని మురికి కాసేపు తుడిచాను.
కుళ్లిన వైర్ల మీదికి, వాన మీదికి,
ముందు చేసిన వాళ్ల మీదికి
ఎన్ని గోడలైనా దూకొచ్చు.
"నేనే," అన్నాను.

తీసిన నోట్లు అతను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.
టైరు మీద కూర్చున్నాడు, సిగరెట్ వెలిగించాడు,
పెట్రోలు సీసా గుర్తొచ్చి ఆర్పేశాడు.
వాన తగ్గేదాకా ఎవరం ఏమీ మాట్లాడలేదు.
లైట్లు ఆపడం కూడా మర్చిపోయాం.