ఆడవాళ్ల కౌంటర్

ఏటుకూరు రోడ్డు మీద ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ అంటున్నారే,
అది మొదట పొగాకు గోడౌను.
మధ్యలో నలభై ఏళ్లు
కుముదినీ టాకీస్.

పేరు నోరు తిరగక జనం కుందేలు హాలు అన్నారు.
బోర్డు మీద రెండో అక్షరం ఏదో గాలివానకి రాలిపోతే
మళ్లీ ఎవరూ పెట్టించలేదు.
కుందేలుకి ఆ అక్షరంతో పనిలేదు గదా.

తొలకరి పడితే చాలు, గోడలు పొగాకు వాసన కొట్టేవి.
తెర మీద ‘పొగ తాగరాదు’ అని స్లైడు పడగానే
నేల క్లాసంతా గొల్లుమనేది:
ముందు గోడలకి చెప్పండయ్యా!

సాయంత్రం ఐదున్నరకి పైన మైకులో రికార్డు మొదలైతే
పేటలో ఎసరు పెట్టేవాళ్లు.
రికార్డు మారితే వార్చేవాళ్లు.
ఓ రోజు ఆపరేటర్ మౌలాలికి జ్వరమొచ్చి మార్చలేదు,
రెండు వీధుల్లో అన్నం మాడింది.

మిర్చి సీజనులో యార్డు నుంచి నేరుగా సెకండ్ షోకే.
ఫ్యాన్లు తిరగ్గానే బాల్కనీ దాకా తుమ్ములు.
విలన్ చచ్చినా కళ్లనీళ్లే.
ఎక్కడా ఆడని సినిమాలు కూడా
మా దగ్గర బాగా ఏడిపించాయి.

మా అమ్మ రూతమ్మ ఆడవాళ్ల కౌంటర్లో టిక్కెట్లు చింపేది.
కౌంటరంటే ఏముంది, గోడలో అర్ధచంద్రం లాంటి కంత.
పిడికిలి పట్టదు,
చాపిన చెయ్యే దూరుతుంది.
అందుకే అమ్మకి పేటలో మొహాలు తెలియవు,
చేతులు తెలుసు.
బ్యారన్ దగ్గర ఆకు కట్టి జిగురు నల్లగా అంటినవి,
తొడాలు తీసీ తీసీ గోళ్ల కింద మంట దాచుకున్నవి,
పెళ్లి పసుపు ఇంకా వదలనివి.
తోపులాటలో గాజులు ఆ కంతలోనే చిట్లేవి.
ఆట మొదలయ్యాక అమ్మ ముక్కలేరి
బిస్కెట్ల డబ్బాలో వేసేది.
నా చిన్నప్పటి ఆస్తి అంతా అదే.

ఆరు వేళ్ల చెయ్యి ఒకటి ఉండేది.
బొటనవేలి పక్కన చిన్న వేలు,
దానిక్కూడా గోరింటాకు పెట్టుకునేది.
శుక్రవారం మొదటాటకి వచ్చి ‘రెండు’ అనేది.
ఒక ఎండాకాలం వచ్చి
‘ఒకటి’ అంది.

అమ్మ చింపబోయి ఆగింది.
అడగటానికి ఆ కంత చాలదు.
వెనక పాతికమంది తోసుకుంటున్నారు.
ఒకటే చింపి, అరచేతిలో పెట్టి,
వేళ్లు తనే మూసింది.
ఆరూ.

శుక్రవారాలు వచ్చాయి, ఆ చెయ్యి రాలేదు.
చాన్నాళ్లు అమ్మ బజారులో
కూరలు మర్చిపోయి
అందరి చేతులూ చూస్తూ నడిచేది.

చివరాటకి పదకొండుమంది.
మౌలాలి ఒక్క రీలు కొయ్యలేదు. ఇంటర్వెల్ కూడా ఇచ్చాడు.
సోడా కొట్టేవాడు లేడు, బజ్జీల బండి లేదు,
పదకొండుమందీ ఊరికే బయటికొచ్చి
కాసేపు నిలబడి
మళ్లీ లోపలికెళ్లారు.

తర్వాత గోడలకి థర్మోకోల్ కొట్టారు. వాసన రావడం మానేసింది.
నేల వాలు మాత్రం పోలేదు.
ఎంత సర్ది పేర్చినా
మిర్చి టిక్కీలు తెర ఉండిన వైపుకే ఒరుగుతాయి,
కింద చెక్కలు పెడుతుంటాం.

నేనిక్కడ గుమస్తాని.
గేటు పాసులిచ్చేది అదే కంతలోంచి.
ఇనప ఊచ వేయించారు, సిమెంటు పూశారు,
అయినా పిడికిలి పట్టదు.

మొన్న ఓ చెయ్యి లోపలికొచ్చింది.
బొటనవేలి పక్కన ఇంకొకటి.
ఎన్ని? అన్నాను.
గొంతు నాది కానట్టుంది.
‘నలభై టిక్కీలు. తొందరగా అన్నా,
లారీ అడ్డంగా ఉంది’ అంది బయట కుర్రగొంతు.

పాసు రాసి అరచేతిలో పెట్టాను.
మూసే ధైర్యం నాకు లేదు.
అతనే మూసుకున్నాడు.
చిన్న వేలు మాత్రం
బయటే ఉండిపోయింది.