రెండు మైక్రాన్లు

రెసిడెన్సీ రోడ్డు హోటల్లో ఆ సాయంత్రం
నా బ్యాడ్జీ మీద హేమంత్ అని అచ్చయింది.
నేను హేమావతిని, అన్నాను బల్ల దగ్గరి అబ్బాయితో.
మార్చడానికి ప్రింటర్ లేదు మేడం, అన్నాడు.
సరే, ఆ పూటకి హేమంత్‌నే.

అందరూ ముందు నా మెడలో కాగితం చదివి
తర్వాత మొహం చూశారు.
కంపెనీ చిన్నదని తేలగానే
చూపు నా భుజం మీదుగా జారి
వెనకాల నిలబడ్డ పెద్ద కంపెనీ మీద వాలింది.
ఒకాయన చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది,
మనిషి అప్పటికే వెళ్ళిపోయాడు.
గోబీ మంచూరియా మాత్రం బాగుంది.

నలభై ఒక్క కార్డులతో పీణ్యా తిరిగొచ్చాను.
మర్నాడు భోజనాల వేళ, ఊరికే,
ఒక్కోదాన్నీ మైక్రోమీటర్లో పెట్టి కొలిచాను.
జనరల్ మేనేజరుది నాలుగు వందల ఇరవై మైక్రాన్లు.
సేల్స్ వాళ్ళవి మూడు వందలు దాటలేదు.
ఒకటి మడిచి కుంటుతున్న బల్ల కాలి కింద పెట్టాను.
ఆ పరిచయం ఇప్పటికీ నిలబడే ఉంది.

కెంచప్ప దగ్గర కార్డు లేదు.

మూడో క్రాస్‌లో వాళ్ళ షెడ్డు, నాలుగో క్రాస్‌లో మాది,
ఒకే ఆర్డరు కోసం కొట్టుకునే రెండు షెడ్లు.
ఆ రాత్రి మా స్లిప్ గేజీలు క్యాలిబ్రేషన్‌కి పోయి ఉన్నాయి,
పొద్దున్నే లారీ ఎక్కాల్సిన సరుకు బల్ల మీద ఉంది.
వాన నీళ్ళు తప్పించుకుంటూ పోయి
గ్రైండింగ్ మిషన్ చప్పుడు మీదుగా అరిచి అడిగాను.
పేరడగలేదు. ఏ షెడ్డో తెలిసీ ఆ మాట ఎత్తలేదు.
కిరసనాయిలుతో చేతులు కడుక్కుని
చెక్కపెట్టె తెచ్చిచ్చాడు.
నాళె వాపస్ కొడమ్మా, అన్నాడు, అంతే.

తిరిగిచ్చే ముందు ఒక్కోటీ తుడిచి, నూనె పూసి,
అలవాటు కొద్దీ
ఒకే కొలతని రెండు విధాలుగా పేర్చి చూశాను.
ఒక దిమ్మ దగ్గర లెక్క తప్పింది.
రెండు మైక్రాన్లు అరిగింది.

చెప్పకపోతే పోయేదేం లేదు.
అడిగి తెచ్చుకున్నదాన్ని, పైగా పోటీ షెడ్డుదాన్ని.
చెప్పాను.
పెట్టె లాక్కున్నంత పని చేశాడు.
నెలపాటు టీ బండి దగ్గర నన్ను చూసి
అటు తిరిగి తాగాడు.

తర్వాతొక మధ్యాహ్నం తనే వచ్చాడు,
ల్యాబు రిపోర్టు మడతలు విప్పుతూ.
రెండు కాదు, రెండున్నర, అన్నాడు,
నా తప్పు దొరికిన సంతోషంతో.

ఆరేళ్ళు.
వాళ్ళమ్మాయి డిప్లొమా డ్రాయింగు నేను దిద్దాను.
మా స్పిండిల్ మూలుగు ఫోన్లో విని
బేరింగ్ కాదు, బెల్టు చూడు, అన్నాడు.
ఎవరికెవరు ఎంత బాకీయో
ఇద్దరం రాసిపెట్టుకోలేదు.
మా షెడ్డు మూతపడ్డ వారం
కామత్ గారి ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది.
నా గురించి ఎవరు చెప్పారండీ, అంటే
ఆయన నవ్వి, కెంచప్ప అన్న మాట అప్పజెప్పారు:
"ఆ అమ్మ మీకు నచ్చదు. పెట్టుకోండి."

మొన్న కొత్తగా చేరిన తబస్సుమ్ అడిగింది,
పైకి రావాలంటే ఎంతమంది తెలిసుండాలక్కా?
రెండు గేజీలు తుడిచి చేతికిచ్చాను.
నొక్కి, మెల్లగా తిప్పమన్నాను.
జారాయి, జారాయి, ఉన్నట్టుండి పట్టుకున్నాయి.
జిగురు లేదు, అయస్కాంతం లేదు,
లాగితే రావడం లేదు. కళ్ళు పెద్దవి చేసింది.
మధ్యలో ఒక్క నలుసున్నా పట్టవని చెప్పబోయి
ఉపన్యాసమవుతుందని ఊరుకున్నాను.
సాయంత్రం విడదీసి పెట్టు, అని మాత్రం అన్నాను,
రోజుల తరబడి అలాగే వదిలేస్తే
ఒకదాన్నొకటి వదలక రెండూ పాడవుతాయి.

ఆదివారం కెంచప్పకి ఫోన్ చేశాను.
ఏన్ కెలస? అన్నాడు.
పనేం లేదు, అన్నాను.
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
అటువైపు కుక్కరు మూడో విజిల్ వేసింది.