కొమ్ము

రెండో ఆదివారం రాజోల్లో
మీరా సాహెబు టైలరు కొట్టు వెనక గదిలో
లేని మనిషి గురించి సభ.

డిటెక్టివ్ శరభం.
పాకెట్ సైజు, డెబ్భై అయిదు పైసలు,
అట్ట మీద పిస్తోలు. మొత్తం నలభై మూడు కేసులు.
రాసినాయన్ని వీళ్ళు రచయిత అనరు,
గుమాస్తా అంటారు.
శరభం చెప్పాడు, ఈయన రాసుకున్నాడు,
అక్కడక్కడా తప్పు విన్నాడు. అంతే.

నేను పాలకొల్లులో బస్సెక్కి
చించినాడ వంతెన దాటి వెళ్ళేసరికి
ముదునూరి నరసరాజు గారు
తాను లాకు సూపరింటెండెంటుగా ఉన్ననాటి రిజిస్టరు విప్పేశారు.
"పదకొండో కేసు. మే నెల. శరభం పడవ దిగాడంటాడు గుమాస్తా.
మేలో కాలవ కట్టేస్తాం. నీళ్ళే ఉండవు. పడవెక్కడిది?"
కుట్టుమిషను కూడా ఆగింది.
సువార్తమ్మ టీచరు చెయ్యెత్తింది.
"నడిచొచ్చాడు. కాలవ అడుగునే. ఎవరికీ కనపడకూడదని."
"బురదలోనా? ఆ కుంటి కాలితోనా?"

ఇదిగో, ప్రతిసారీ ఆ కాలి దగ్గరికే వస్తారు.
అరవై రెండో పేజీ, కింది నుంచి మూడో వరస:
‘కుంటి బాధ మరిచి శరభం పరుగెత్తాడు.’
ముందరి పది పుస్తకాల్లో కుంటడం లేదు,
తర్వాతి ముప్పై రెండింట్లోనూ లేదు.
ఆ ఒక్క వరస మీద పద్నాలుగు వ్యాసాలు.
ఎడమ కాలని అడ్డాల గోపాలస్వామి,
కొబ్బరి దింపు దగ్గర్నుంచి లుంగీతోనే వచ్చి చదివింది.
కుడి కాలని సాహెబు, చెప్పుల అరుగుదల లెక్కగట్టి.
అసలా కుంటడమే నటన, దొంగని ఏమార్చడానికని
సువార్తమ్మ ఇరవై పేజీలు,
మార్జిను గీసి, ఎర్ర సిరాతో.

ఆ పుస్తకానికి అక్షరాలు కూర్చింది మా నాన్న.
పాలకొల్లు బజారు వెనక ప్రెస్సు,
సీసం, కిరసనాయిలు,
క గడి పక్కనే కు గడి.
ఆ రాత్రి కరెంటు పోయింది. తడుముకున్నాడు.
శరభానికి ఆ కేసులో కళ్ళకలక.
కంటి బాధ.
వేలు ఒక్క గడి పక్కకి జరిగింది,
కంటికి కొమ్ము మొలిచి
మనిషి కుంటివాడయ్యాడు.
ప్రూఫు చూసేవాడు పెళ్ళికెళ్ళాడు.
అచ్చయ్యాక నాన్న చూసుకున్నాడు గానీ
కూలి కోస్తారని నోరెత్తలేదు.
అమ్మకి చెప్పాడు. అమ్మ నాకు చెప్పింది,
చింతపండు పిసుకుతూ, అదేదో వంట సంగతిలా.

రెండేళ్ళు బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాను.
పద్నాలుగు వ్యాసాలు!
ఒక్క కొమ్ము పీకితే కూలిపోతాయి.
కిందటి సభలో, ఉప్మా తిన్నాక, చెప్పేశాను.

ఏమీ కూలలేదు.
నరసరాజు గారు కళ్ళజోడు తుడుచుకుని
కుర్చీ నా వైపు జరుపుకున్నారు.
"కరెంటు పోయిందా? ఏ తారీఖున? ఎంతసేపు?
ఆ చీకట్లో ప్రెస్సుకి ఇంకెవరొచ్చారు?
కాలి సంగతి బయటపెట్టమని
మీ నాన్నకి చెప్పిందెవరు?"
సువార్తమ్మ అప్పుడే రాసుకుంటోంది.

బతికినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అడగని మా నాన్న
ఒక్క పూటలో సాక్షి అయ్యాడు,
టీ వచ్చేలోగా అనుమానితుడయ్యాడు.
నవ్వాను. ఆ నవ్వు ఎందుకో
సగంలో గొంతుకి అడ్డం పడింది.

నలభై మూడూ ఆయనే కూర్చాడు.
ప్రెస్సు పేరుంది, ఓనరు పేరుంది,
అట్ట బొమ్మ వేసినాయన సంతకముంది.
ఆ చేతులది మాత్రం ఎక్కడా లేదు.

ఈ నెల సంచిక వచ్చింది. పదిహేనో వ్యాసం.
అట్టడుగున చీమల బారులో ఏడో పాదసూచిక:
‘ముఖ్య సాక్షి: కంపోజిటరు గుత్తుల అప్పున్న, పాలకొల్లు.’

అప్పున్న.

కంప్యూటరు కుర్రాడి వేలు జారినట్టుంది.
అప్పన్నకి కొమ్ము మొలిచింది.
అబద్ధమూ కాదు,
సొసైటీ బాకీ ఆయన పోయాక రెండేళ్ళు కట్టాం.

దిద్దించాలని ఫోను తీశాను.
నరసరాజు గారి నంబరు దాకా వెళ్ళి
పెట్టేశాను.

ఉండనీ.
ఏనాటికో ఎవరో ఒకరు
ఎవరికి అప్పు, ఎంత, ఎందుకు అని
రిజిస్టరు విప్పుతారు.